కింది ఇంటి రొట్టె

నా కూతురు కింది ఫ్లాట్ ముసలావిడని ‘ఓమా’ అని పిలిస్తే నాకు ఒళ్ళు మండేది. జర్మనీలో అమ్మమ్మనీ నాయనమ్మనీ పిలిచే పిలుపు అది. నా కడుపున పుట్టిన పిల్ల, నేను తెలుగులో ఏం అడిగినా ముక్తసరిగా జర్మన్‌లో జవాబిచ్చే పిల్ల, ఆ గుమ్మం ముందు నిలబడగానే వసపిట్ట అయిపోయేది.

ఎర్లాంగెన్‌లో నేను ఆసుపత్రి నర్సుని. పొద్దున డ్యూటీ ఆరింటికి మొదలవుతుంది. పిల్ల వెళ్ళే కీటా, అంటే చిన్నపిల్లల బడి, ఏడింటికి గాని తెరవరు. మా ఆయన స్టుట్‌గార్ట్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో పని చేస్తూ శని, ఆదివారాలు మాత్రమే ఇంటికొస్తాడు. ఐదేళ్ళ పిల్లని ఆ గంటా ఎక్కడ ఉంచాలా అని నేను తల పట్టుకుంటే, ముసలావిడే ‘నా దగ్గర వదిలెయ్’ అంది. పైసా పుచ్చుకోలేదు. పుచ్చుకున్నా బాగుండేది, కాస్త గొంతు పెంచే హక్కయినా మిగిలేది నాకు.

ఆవిడతోపాటు నలభై దాటిన కొడుకు ఉండేవాడు. ఇళ్ళలో హీటర్లు బిగించే పని అతనిది. ఆవిడ పిల్లకి జడలు వేసేది. అతను రొట్టె కోసి, వెన్న రాసి, జున్నూ దోసకాయ ముక్కలూ పెట్టి డబ్బా కట్టి, పనికి పోతూ కీటాలో దింపేవాడు. అన్నీ అమిరాయి. అమిరినకొద్దీ నాకు కడుపు రగిలేది. నేను వేసిన జడ వదులట. నా ఇడ్లీ వాసనట. ఆ ఎండు రొట్టె మాత్రం అమృతం.

ఒకరోజు ఇక పట్టలేక, “రేపట్నుంచి డబ్బా నేనే కడతాను, మీరేమీ పెట్టొద్దు” అని చెప్పేశాను. ఆవిడ సరేనంది. కొడుకు కాఫీ తాగుతూ తల ఊపాడు. ఆ మర్నాటి నుంచి నాలుగింటికే లేచి నిమ్మకాయ పులిహోర కలిపేదాన్ని. కీటాలో పల్లీలు ఒప్పుకోరు కనక శనగపప్పూ ఆవాలూ కరివేపాకూ దండిగా వేసేదాన్ని. సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చేది, ఒక్క మెతుకు లేకుండా. కొన్ని వారాలపాటు నా అంత గర్వం ఈ ఊళ్ళో ఎవరికీ ఉండి ఉండదు. మెట్ల మీద ఆవిడ ఎదురుపడితే కావాలనే నవ్వేదాన్ని.

అలాంటి ఒక పొద్దున, నేను వార్డులో ఉండగా ఇంటికి రమ్మని ఫోనొచ్చింది. సైకిల్ ఎలా తొక్కానో నాకు తెలియదు. వీధి మొదట్లోనే పోలీసులు టేపు కట్టేశారు. అంబులెన్స్‌లో, దుప్పటి కింద, నా కూతురు ఓమా ఒళ్ళో ఉంది. ఒక పక్క జడ వేసి ఉంది, రెండో పక్క జుట్టు విరబోసి ఉంది. దెబ్బేమీ తగల్లేదు. నేను చేతులు చాపితే రాలేదు. ఆవిడ మెడ పట్టుకుని మొహం దాచుకుంది. ఆవిడ కొడుకు లోపల హాల్లో చచ్చి పడి ఉన్నాడని అప్పుడే ఎవరో చెప్పారు. విన్నాను. విన్నా సరే, నా పిల్ల నా దగ్గరికి రాలేదన్నదే ముందు గుచ్చుకుంది.

ఒక పోలీసావిడ నన్ను పక్కకి పిలిచి వివరాలు అడిగింది. పొద్దున పిల్లకి ఈ ఇంట్లో తిండి పెడతారా అంది.

“లేదు. డబ్బా నేనే కడతాను. మా అమ్మాయి ఎవరింట్లోనూ తినదు,” అన్నాను. గట్టిగానే అన్నాను, ముసలావిడకి వినిపించాలని.

జరిగింది ఇది. ఆ ఇంట్లో తుపాకీ ఉందని పోలీసులకి ఎవరో చెప్పారు. బెల్ కొట్టకుండా తలుపు పగలగొట్టి లోపలికొచ్చారు. చప్పుడుకి అతను వంటింట్లోంచి హాల్లోకొచ్చాడు. చేతిలో పొడవాటి కత్తి ఉంది. కాల్చారు. ‘పోలీస్’ అని అరిచామని వాళ్ళంటారు. బాత్‌రూమ్‌లో జడ వేస్తున్న ఓమా అలాంటి అరుపు వినలేదంటుంది. తుపాకీ మాత్రం దొరకలేదు.

మరి కత్తి ఎందుకు పట్టుకున్నాడు? రొట్టె కోస్తున్నాడని తల్లి చెప్పింది. ఎవరికోసమని అడిగారు. అతను పొద్దున కాఫీ తప్ప ఏమీ ముట్టడని తోటి పనివాళ్ళే చెప్పారు. పిల్లకోసం, అంది ఆవిడ. పిల్ల తల్లి మాట వేరేగా ఉంది కదా, అన్నారు. బల్ల మీద రొట్టె ఉంది, కానీ ఈ దేశంలో బల్ల మీద రొట్టె లేని ఇల్లేది? కాబట్టి కత్తి పట్టుకుని పోలీసుల కోసం కాచుకున్నాడు అన్న మాట పేపర్లలోకి ఎక్కింది.

ఓమా పైకొచ్చి నా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“నా కొడుకు తిరిగి రాడు. వాడు మనుషుల్ని పొడవడానికి కాచుకున్నవాడని మాత్రం అనిపించకు,” అంది.

“నేను నిజమే చెప్పాను,” అన్నాను.

“పిల్లని అడుగు,” అనేసి మెట్లు దిగిపోయింది.

అడిగాను. బొమ్మ చెవి మెలిపెడుతూ కూర్చుంది. తర్వాత జర్మన్‌లో చెప్పింది. నా అన్నం అతను తీసేసేవాడట, అదే డబ్బాలో రొట్టె పెట్టేవాడట. అమ్మకి చెప్పొద్దని తనే అందట. చెబితే నేను ఏడుస్తానని. తీసిన అన్నం ఏం చేసేవాడంటే తెలియదంది. చెత్తబుట్టలో పడి ఉంటుందనుకున్నాను. చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు అంతకుముందు తెలియదు.

మా ఆయనకి ఫోన్ చేశాను. “మనకెందుకు చెప్పు ఈ గొడవంతా? ఇక్కడే ఉండిపోవడానికి పెట్టిన పీఆర్ అప్లికేషన్ ఇంకా తేలలేదు. చెప్పిందేదో చెప్పేశావుగా, ఇంక ఊరుకో,” అన్నాడు. ఊరుకోవాలనే అనుకున్నాను, అతను చెప్పినందుకు కాదు, ఉక్రోషంతో.

ఆ వారంలో ఓమా లాయరు వచ్చి ఒక ఫొటో చూపించాడు. ఆ పొద్దున అతని పని సంచిలో దొరికిన టిఫిన్ డబ్బా. అందులో పసుపు రంగు అన్నం, నల్ల గింజలు, ఏదో ఆకు. ఇదేమిటో ఎవరికీ తెలియడం లేదు, మీకేమన్నా తెలుసా అన్నాడు. డబ్బా పక్కన పేపర్ నాప్‌కిన్‌లో చుట్టిన చెంచా కూడా ఉంది. పారేసే అన్నానికి చెంచా ఎందుకు?

ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఆ ఫొటో బల్ల మీద పెట్టారు. ఇది మీరు చేసిందేనా అన్నారు. పోపు నాదేనన్నాను. అయితే ముందు చెప్పింది అబద్ధమా అన్నారు.

“కాదు. అప్పటికి నాకు తెలియదు. నా కూతురు నా వంట తినదు. అతను కోసిన రొట్టే తింటుంది. నా వంట అతను తీసుకునేవాడు.”

రాసుకునే ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. ముక్క ముక్కగా మళ్ళీ చెప్పాను. ఇన్నేళ్ళలో నా జర్మన్ అంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు.

అరిచారా లేదా అన్నది ఇంకా తేలలేదు. కత్తి ఎందుకున్నదో మాత్రం ఇప్పుడు కాగితం మీద ఉంది.

బయట బెంచీ మీద ఓమా, పక్కన నా కూతురు. నేను వచ్చి కూర్చున్నాను. ఆవిడే ముందు మాట్లాడింది.

“మధ్యాహ్నం దాకా ఆగేవాడు కాదు, బండిలోనే సగం తినేసేవాడు. ఎలా చేస్తారో పైకెళ్ళి అడగరా అంటే, అడిగితే దొరికిపోతామమ్మా అనేవాడు.”

నా కూతురు ఆ మాటకి కిసుక్కున నవ్వి, వెంటనే ఏడుపు మొదలుపెట్టి, ఆవిడ ఒళ్ళోకే ఎక్కింది. నాకు మళ్ళీ రగిలింది. ఈసారి ఓమా మీద కాదు. అతనూ నా కూతురూ నవ్వుకుంటూ దాచుకున్న దాంట్లో నాకు చోటివ్వలేదని. ఒక్క మాట చెప్పి ఉంటే అతనికి వేరే డబ్బా కట్టేదాన్ని.