తెగిన తీగ, మళ్ళీ అక్కడే

రొట్టెల బేకరీలో పొయ్యి ముందు ముప్ఫయ్యేళ్ళు నిలబడ్డ మనిషి అతను. రోజూ అదే అచ్చు, అదే బరువు, అదే రంగు. ఒక్క వాయి మాడిందా, యజమాని నోటికి హద్దూ పద్దూ ఉండదు. అందుకేనేమో, ఊళ్ళో వాయించే గిటార్ల బ్యాండొకటంటే అతనికి పంచప్రాణాలు. వాళ్ళు ఏ పాటనీ నిన్న వాయించినట్టు ఇవాళ వాయించరు. పల్లవి అందుకుని దారి తప్పుతారు. ఒకడు సందులోకి దూరితే మిగతావాళ్ళూ వెనకే దూరతారు. తిరిగి పల్లవికి చేరేసరికి అరగంట. చేరని రోజులూ ఉన్నాయి. అతనికి అవే మరీ ఇష్టం.

మార్కెట్ షెడ్డులో కరెంటు పోయిన సాయంత్రం గురించి ఎవరైనా కదిలిస్తే చాలు, పిండి పిసకడం ఆపి చెప్పుకొచ్చేవాడు. గిటార్లన్నీ మూగబోతే డ్రమ్ముల మనిషి ఒక్కడే చీకట్లో వాయిస్తూ కూర్చున్నాడట. కరెంటొచ్చాక తక్కినవాళ్ళు తప్పిపోయిన పిల్లాణ్ణి వెతుక్కుంటున్నట్టు ఒక్కొక్కరే వచ్చి కలిశారట.

"నీ రొట్టె రోజుకో తీరుగా ఉంటే జనం మొహాన కొడతారు. వాళ్ళు రోజుకో తీరుగా వాయిస్తే నువ్వు టిక్కెట్టు కొని మరీ వింటావు. తెలివి ఎవరిదో నువ్వే చెప్పు!" అని దెప్పేది భార్య.

ఆ బ్యాండు వెంట తిరిగేవాళ్ళకో కట్టుబాటుంది. ఫలానా పాట కావాలని అడగకూడదు, మధ్యలో నోరెత్తకూడదు. కొత్తవాడెవడైనా కేకేస్తే ముందు కసిరేది ఇతనే.

మొన్న శనివారం పెద్ద పాట నడుమ గిటారాయన తీగ ఠప్పున తెగింది. ఆయన ఆగలేదు. మిగిలిన తీగల మీదే కుంటుకుంటూ, అంతకుముందెన్నడూ పోని చోటికి పోయాడు. బేకరీ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. తనకు దక్కింది కూతురికి ఒక్కసారైనా దక్కాలనిపించింది. సంగీతమంటే ఆవలించే పిల్లని బతిమాలి, బామాలి, ఆదివారం కచేరీకి తీసుకెళ్ళాడు.

అదే పాట. అదే మలుపు. ఠప్పు!

మెడ పక్కకి వాల్చడం అదే. కుంటడం అదే, స్వరం పొల్లుపోకుండా అదే. చుట్టూ జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. కూతురూ తుడుచుకుంటోంది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నిన్నా ఇక్కడే తెంపావు కదయ్యా! ఏడిపించడానికి తీగలు కోసి తెచ్చుకుంటున్నావా?"

హాలంతా వెనక్కి తిరిగింది. గిటారాయన చెయ్యి గాల్లోనే ఆగింది. కూతురు అతని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది.

"సిగ్గులేదా నాన్నా? అందరి ముందూ ఏంటా కేకలు?"

"వాడికుండాలి సిగ్గు! అచ్చుపోసిన సరుకమ్మడానికి నేను చాలనా? నేనైనా రొట్టెనే అంటాను, అద్భుతమనను!"

"నీకు రెండోసారి. నాకు మొదటిసారే కదా! నాకెందుకు పాడుచేశావు?"

 ఆ మాటకి అతనికి ఇంకా మండింది.

"పో, పోయి విను ఆ దొంగ ఏడుపు!"

ఆమె నిజంగానే లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

 లోపల డ్రమ్ము ఒకటి తడబడింది. గిటారు ఏదో మొదలెట్టి వదిలేసింది, మళ్ళీ పట్టుకుంది. ఎవరికీ దారి తెలియడం లేదు. ఒకరినొకరు తడుముకుంటున్నారు. ఇన్నేళ్ళలో ఈ దారిన వాళ్ళు వెళ్ళగా అతను వినలేదు.

గబగబా తలుపు తోశాడు. కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"గొడవ చేసినవాళ్ళని మళ్ళీ పంపొద్దన్నారండీ."

"మా అమ్మాయి లోపలుందయ్యా!"

"ఆవిడ గొడవ చెయ్యలేదు కదండీ."

"ఒరేయ్, ఇప్పుడే కదరా వాళ్ళు నిజంగా వాయించేది!" అంటూ తలుపు మీద గుద్దాడు. లోపల చప్పట్లు మిన్నంటాయి. వాటిలో కూతురివి ఏవో పోల్చుకుందామని చెవి ఆనించి, ఆ బ్యాండుని, కాపలావాణ్ణి, తన నోటిని కలిపి తిట్టుకుంటూ అక్కడే నిలబడ్డాడు.