అభిషేకం పొందిన పూల్ టేబుల్

కొత్త జీతం చేతిలో పడిన ఆ కాలంలో మనిషికి ఇంటి కొలతలు గుర్తుండవు. మంగళగిరిలో ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకే, గుంటూరులో మూసేస్తున్న ఒక ఆటల క్లబ్బు నుంచి నేను కర్రతో బంతుల్ని గుంటల్లోకి కొట్టి ఆడే పూల్ టేబుల్ కొని, మిర్చి టిక్కీ బస్తాలు తోలే ట్రాక్టరు మీద ప్రత్తిపాడులోని మా ఇంటికి తెచ్చాను. అది ముందుగదంతా ఆక్రమించింది. ప్రతి శుక్రవారం చర్చి సంఘం వాళ్ల ప్రార్థన కూటం జరిగేది ఆ గదిలోనే. నాన్న సంఘపెద్ద. గడపలో నిలబడి, "ఏరా, చర్చిలో గేదెను కట్టేసినట్టుంది. చాపలెక్కడ వేస్తాం?" అన్నాడు. గోడవారగా వేద్దామన్నాను. "సరే, శుక్రవారం పాస్టరయ్యగారొస్తారు. ఆయన మంచిదంటే ఉంటది. జూదమన్నారో, వచ్చిన ట్రాక్టర్లోనే పోద్ది" అని తీర్పు చెప్పేశాడు.

మా ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా పాస్టరయ్యగారు ప్రార్థన చేసేదాకా ముట్టుకోకూడదు. మిక్సీ అయినా, మోటారు సైకిలైనా అంతే. (బోరుకు కూడా చేయించాం. నీళ్లు తియ్యగా పడ్డాయి కాబట్టి ఆ పద్ధతిని నేనిప్పటికీ తప్పుపట్టను.) టేబుల్ బిగించిన మేస్త్రి మాత్రం వెళ్తూ వెళ్తూ, "టేబుల్ మీది పచ్చబట్టను ఒకవైపుకే బ్రష్ చేయండి సార్. తడి తగలనీయొద్దు. టీ చుక్క పడినా బంతి అక్కడ మొరాయిస్తది" అని చెప్పిపోయాడు. దానిమీద వడియాలు పెట్టొచ్చని ఆశపడ్డ అమ్మ నిట్టూర్చింది.

శుక్రవారం వచ్చింది. అయ్యగారు టేబుల్ చుట్టూ తిరిగి, ఒక బంతిని అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, "ఇందులో పందేలేమన్నా ఉంటయ్యా బాబూ?" అని అడిగారు. "లేవండి అయ్యగారూ, ఊరికే ఆటేనండి" అన్నాను. "అయితే మంచిదే. కుర్రాళ్లు రోడ్లమ్మట తిరక్కుండా ఇంటిపట్టున ఉంటారు" అన్నారు. నేను లోలోపల స్తోత్రం చెప్పుకున్నాను. కాస్త తొందరపడ్డాను. ఆయన సంచిలోంచి ఒలీవ నూనె సీసా తీశారు.

మోటారు సైకిలుకైతే హ్యాండిలుకు ఒక్క చుక్క రాశారు. ఇక్కడా చెక్క అంచుకు రాస్తారనుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి సరిగ్గా టేబుల్ నడిమధ్యకు చాపారు. "అయ్యగారూ, చెక్క మీద..." అనబోయాను. "కళ్లు మూసుకోరా" అన్నాడు నాన్న, తన కళ్లు మూసుకునే. (నావి తెరిచి ఉన్నాయని ఆయనకెలా తెలిసిందో!) ఆపితే అభిషేకాన్ని కాదన్న పాపానికి టేబుల్ పోతుంది. ఆపకపోతే బట్ట పోతుంది. భక్తితో ఒక కన్ను మూసి, భయంతో ఒకటి తెరిచి నిలబడ్డాను. ప్రార్థన సాగేకొద్దీ సీసా వంగుతూ వచ్చింది. మా కుటుంబానికొక ధార, నా ఉద్యోగానికొకటి, పత్తి రైతులకొకటి, వానలకొకటి. ఆమేన్ అనేసరికి పచ్చబట్ట మీద అప్పడమంత మరక.

బట్ట మార్చాల్సిందేనని మేస్త్రి ఫోనులో తేల్చేశాడు. అమ్మ ఒప్పుకోలేదు. "అభిషేకం చేసిన బట్టను పీకేస్తావా? కళ్లు నెత్తికెక్కినయ్యిరా నీకు" అంది. ఇక ఎంత గట్టిగా కొట్టినా బంతి ఆ మరక దగ్గరికెళ్లి మోకరించేది. నేనూ, ఆడటానికొచ్చే కుర్రాళ్లూ చుట్టుదారుల్లో ఆడటం నేర్చుకున్నాం.

కొన్ని వారాల తర్వాత, కూటం ముగిశాక, అయ్యగారు "ఏదీ, ఆ కర్ర ఒకసారి ఇటివ్వు బాబూ" అన్నారు. నడుం వంచి, గురి చూసి కొట్టారు. చక్కగా వెళ్తున్న బంతి మధ్యలో ఆగింది. ఆయన అక్కడ వేలితో తడిమి, వాసన చూశారు. "నూనె ఒలకబోశారే. ఇంత మంచి వస్తువును కాస్త జాగ్రత్తగా చూసుకోవద్దూ? కొత్త బట్ట వేయించు" అన్నారు. నాన్న పాటల పుస్తకంలో తల దూర్చాడు. నోరు తెరిచావంటే చంపుతానన్నట్టు అమ్మ నావంక చూసింది. "అట్టాగేనండి అయ్యగారూ, పొరపాటైంది" అన్నాను.

కొత్త బట్టకూ ప్రార్థన జరిగింది. ఈసారి అమ్మే ముందుగా దానిమీద ప్లాస్టిక్ షీటు పరిచి, "దుమ్ము పడుద్దండి అయ్యగారూ" అంది, ఎటో చూస్తూ.

ఇప్పుడు బంతి నేను పంపిన దారినే పోతుంది. అయినా గుంటలో పడదు. మరక ఉన్నన్నాళ్లూ అప్పటి నాలోని ఆ కుర్రవాడు తానొక గొప్ప ఆటగాడినని, అడ్డమల్లా ఆ నూనేనని హాయిగా నమ్మాడు. వాడికున్న విశ్వాసంలో ఆవగింజంతైనా ఇప్పుడు నాకుంటే బాగుండును.