మీ పేరు మీరే చెప్పండి

దేవకృప సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆడవాళ్ల వార్డులో పనిచేస్తుంది. ఇల్లు బన్సీలాల్‌పేట్‌లో. మామూలు రోజుల్లో నడిచి వస్తుంది, వాన పడితే ఆటో ఎక్కుతుంది. భర్త లూకా రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. అత్తగారు మేబెల్ రిటైరైన టీచరు. పెళ్లయి నర్సాపురం నుంచి వచ్చినప్పటి నుంచీ ఒకే స్కూల్లో మూడో తరగతికి చెప్పి, అక్కడే రిటైరైంది.

దేవకృప గురించి వార్డులో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. మందు ఇచ్చే ముందు రోగి పేరు అడుగుతుంది. పొద్దున అడిగాం కదా అని మధ్యాహ్నం మానదు. ఎన్నాళ్ల నుంచో అదే మంచం మీద ఉన్న మనిషినైనా అప్పుడే చూసినట్టు అడుగుతుంది. చెప్పాక మణికట్టుకి కట్టిన పట్టీ మీద పేరు చూస్తుంది, ఫైలు మీద పేరు చూస్తుంది, మందు మీద రాసింది చదువుతుంది. ఆ తర్వాతే మాత్ర చేతిలో పెడుతుంది. కొందరు రోగులు ఆమెకి మతిమరుపు అనుకున్నారు. ఒకావిడ ఇంటికి వెళ్లేటప్పుడు బంధువులతో, "పాపం మంచి నర్సే. మనుషుల్ని గుర్తుపట్టదు, అంతే" అని చెప్పింది.

కొత్తగా చేరిన అక్సా అనే నర్సు ఒకసారి ఆమెని అడిగింది.

"మేడమ్, మీకు ఎప్పుడన్నా ఏమన్నా అయిందా? ఒకరి మందు ఒకరికి ఇచ్చుడు గిట్ల?"

"లేదు."

"మరి ఎందుకు ప్రతిసారి అడుగుతరు?"

"అడగాలని నేర్పారు. అడుగుతున్నాను."

అక్సా కొంచెం నిరాశ పడింది. దీని వెనక ఏదో పెద్ద కథ ఉంటుందని ఆమె ఆశ.

ఈ ఏడాది ఎండలు ముదిరినప్పుడు మేబెల్‌కి చెప్పు ఒరుసుకుని కాలివేళ్ల దగ్గర పుండైంది. ఆమెకి షుగర్ ఉంది. పుండుకి పసుపు రాసుకుని, ప్రార్థన చేసుకుని, మేజోళ్లు తొడుక్కుంది. ఇంట్లో నర్సు ఉండగా ఆమెకి చూపించలేదు. చూపిస్తే ఆసుపత్రికి పదమంటుందని భయం. జ్వరం వచ్చి పడుకున్నాక దేవకృప మేజోళ్లు తీసి చూసి, ఏమీ అనకుండా ఆటో పిలిచింది. అలా మేబెల్ కోడలి వార్డులోనే చేరింది.

మొదటి పూటే గొడవ మొదలైంది. దేవకృప మందుల ట్రేతో వచ్చి మంచం పక్కన నిలబడింది.

"మీ పేరు చెప్పండి."

మేబెల్ అటూ ఇటూ చూసింది.

"నన్నా?"

"మిమ్మల్నే అత్తయ్యా. మీ పేరు చెప్పండి."

"అత్తయ్యా అని పిలుస్తూ పేరేమిటని అడుగుతావా?"

"అడగాలి."

"నా పేరు నీకు తెలీదా?"

"తెలుసు. మీరు చెప్పండి."

మేబెల్ చెప్పింది. మాత్ర మింగి గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం మళ్లీ అడిగింది దేవకృప. మర్నాడు పొద్దున మళ్లీ అడిగింది. మధ్యాహ్నం అడిగేసరికి మంచం చుట్టూ చర్చివాళ్లు ఉన్నారు. పాస్టరుగారి భార్య హదస్సా మేబెల్ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మీ పేరు చెప్పండి" అంది దేవకృప.

హదస్సా మేబెల్ వైపు వంగి, మెల్లగా, "ఇంట్లో కూడా ఇంతేనా అండీ?" అంది.

చర్చివాళ్లు వెళ్లాక మేబెల్ ఇన్‌చార్జి సిస్టర్ని పిలిపించింది. ఆవిడ పేరు క్యారల్. ఎన్నో రకాల ఫిర్యాదులు విన్న మనిషి.

"నాకు వేరే నర్సుని వెయ్యండి సిస్టర్" అంది మేబెల్.

"ఎందుకమ్మా? దేవకృప సరిగ్గా చూసుకోవట్లేదా?"

"చూసుకుంటోంది. నేనెవరో ఆమెకి తెలియడం లేదు."

ఈ ఫిర్యాదు క్యారల్‌కి కొత్త. ఆలోచిస్తే సొంత అత్తగారిని కోడలి చేతికి అప్పగించడం తనకీ అంత మంచిదిగా తోచలేదు. మర్నాటి నుంచి మేబెల్ ఉన్న వరసకి అక్సాని వేసింది.

దేవకృప "సరే సిస్టర్" అంది. ఆమెకి కోపం వచ్చిందో బాధేసిందో మొహం చూసి చెప్పడం కష్టం. ఆ సాయంత్రం లూకాకి అన్నం వడ్డిస్తూ, "మీ అమ్మగారు నన్ను మార్పించారు" అంది.

"ఎక్కడికి?" అన్నాడు లూకా.

"పక్క వరసకి."

"దగ్గరేగా" అన్నాడు అతను.

దేవకృప వంటింట్లోకి వెళ్లి, తోమిపెట్టిన గిన్నెలు మళ్లీ తోమింది.

మర్నాడు పొద్దున డ్యూటీకి రాగానే అత్తగారిని చూడ్డానికి వెళ్లింది. మేబెల్ కళ్లు మూసుకుని ఉంది. నిద్ర కాదని ఇద్దరికీ తెలుసు. రాత్రి సెలైన్ ఎక్కిన చెయ్యి వాచి, పేరున్న పట్టీ మణికట్టుకి బిగుసుకుపోయింది. దేవకృప దాన్ని కత్తిరించి తీసేసి, కింద కౌంటర్‌కి ఫోన్ చేసి కొత్త పట్టీ పంపమంది. ప్రింటర్ పాడైందనీ సాయంత్రానికి పంపుతామనీ వాళ్లన్నారు. "సరే" అని ఫోన్ పెట్టేసింది. చేత్తో రాసిన పట్టీ అయినా కట్టి ఉండాల్సింది. తన వరసలో డ్రెస్సింగులు ఎదురు చూస్తున్నాయి, అటు వెళ్లిపోయింది.

మేబెల్‌కి అప్పటికే వార్డులో ఒక స్నేహితురాలు దొరికింది. పేరు వీరరాఘవమ్మ. మోండా మార్కెట్‌లో పూలమ్ముతుంది. కడుపునొప్పితో చేరింది. ఆ మధ్యాహ్నం ఎండోస్కోపీ ఉందని పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆమెకి చెవులు సరిగ్గా వినపడవు. ఎవరేమడిగినా 'ఆఁ' అంటుంది. ఆ ఒక్క మాటతోనే మార్కెట్‌లో ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. చెప్పేది మధ్యలో అడ్డుకోని శ్రోత దొరకడం మేబెల్‌కి బాగా నచ్చింది.

మేబెల్ మంచం కిటికీ పక్కన, బాత్రూమ్‌కి దూరంగా ఉంది. వీరరాఘవమ్మ మంచం బాత్రూమ్ పక్కన, గోడకి ఎదురుగా ఉంది.

"గోడ సూసి సూసి కండ్లు గుంజుతున్నయమ్మా" అంది వీరరాఘవమ్మ. "జెర రోడ్డు కనబడితే పానం నిమ్మళంగ ఉంటది."

"నాకా రోడ్డు అక్కర్లేదు. బాత్రూమ్ దగ్గరైతే చాలు" అని మేబెల్ ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

ఆయా భోజనానికి వెళ్లిన సమయం చూసి ఇద్దరూ మంచాలు మార్చుకున్నారు. మేబెల్ వీరరాఘవమ్మ భుజం పట్టుకుని కుంటుకుంటూ ఇవతలకి వచ్చింది. దిండ్లు మార్చుకున్నారు, దుప్పట్లు మార్చుకున్నారు, నీళ్ల సీసా, బైబిలు, దువ్వెన మార్చుకున్నారు. మంచం కాళ్ల దగ్గర వేలాడే ఫైళ్లు తమ వస్తువులు కావు గనక వాటిని ముట్టుకోలేదు.

మేబెల్‌కి అన్నానికి ముందు ఇన్సులిన్ వెయ్యాలి. ఆ ఆసుపత్రిలో ఇన్సులిన్ ఒక్క నర్సు చూసి వేసే మందు కాదు, ఇద్దరు చూడాలి. మందుల గదిలో అక్సా, దేవకృప కలిసి డాక్టరు రాసింది చదివారు, సీసా మీద పేరు చదివారు, సిరంజిలో ఎన్ని యూనిట్లు ఎక్కిందో ఇద్దరూ చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. రోగి దగ్గరికి కూడా ఇద్దరూ కలిసే వెళ్లాలి. ఇంతలో దేవకృప వరసలో ఎవరికో వాంతులయ్యాయి.

"నువ్వు పద, వస్తున్నాను" అంది దేవకృప.

అక్సాకి ఆ వరస ఆ రోజే కొత్త. కిటికీ పక్క మంచం, ఫైలు మీద మేబెల్ అన్న పేరు, నెరిసిన జుట్టు, ఆసుపత్రి బట్టలు, అన్నీ సరిపోయాయి. చేతులు దుప్పటి కింద ఉన్నాయి.

"మేబెల్ గారే కదా అమ్మమ్మా?"

వీరరాఘవమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పింది. "ఆఁ" అంది.

"షుగర్ ఇంజెక్షన్ ఏస్తున్న."

"ఆఁ. ఎయ్యి బిడ్డా."

ఎండోస్కోపీకి ముందు ఏదో సూది ఉంటుందని ఆమెకి ఎవరో చెప్పారు. ఇదే అదనుకుని చెయ్యి బయటపెట్టింది. మేబెల్ పట్టీ పొద్దున్నే తీసేశారని తెలిసిన అక్సా మణికట్టు చూడకుండానే భుజం మీద దూదితో తుడిచింది.

బాత్రూమ్ పక్క మంచం మీద నుంచి మేబెల్ తన పేరు విన్నది. వెంటనే మాట్లాడలేదు. పొద్దుట్నుంచి అలిగి ఉన్న మనిషి. నర్సులకి తనెవరో తెలియదన్న సంగతి ఇంకోసారి రుజువైంది, తెలుసుకోనీ వాళ్లనే, అనుకుంది. ఆ తర్వాత సూది కనిపించింది. వీరరాఘవమ్మ పొద్దుట్నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చింది. షుగర్ ఉన్న తనే, షుగర్ దించే మందు పడ్డాక తిండి ఆలస్యమైతే ఎలా వణికిపోతుందో ఆమెకి తెలుసు.

"మేబెల్‌ని నేను" అంది.

అరవలేదు. మూడో తరగతి చివరి బెంచీ దాకా వినపడే గొంతు అది. అక్సా చెయ్యి అక్కడే ఆగింది. వీరరాఘవమ్మకి కూడా వినపడింది.

దేవకృప వచ్చేసరికి సిరంజి ఇంకా అక్సా చేతిలోనే ఉంది. దాన్ని తీసుకుని ట్రేలో పెట్టింది. వీరరాఘవమ్మ చెవి దగ్గరికి వంగింది.

"మీ పేరు చెప్పండమ్మా."

"వీరరాఘవమ్మ. ఏమైంది బిడ్డా?"

"ఏం కాలేదు. సూది గుచ్చుకుందా?"

"లే. తడిగుడ్డ పెట్టి తుడిసిండ్రు, గంతే."

అయినా దేవకృప ఆమె వేలు గుచ్చి షుగర్ చూసింది, డాక్టర్‌ని పిలిచి చూపించింది. అంతా మామూలుగానే ఉంది. ఇటు వచ్చి మేబెల్ దగ్గర నిలబడేసరికి, నోరు విప్పక ముందే మేబెల్ తన పేరూ, పుట్టిన తేదీ, భర్త పేరూ చెప్పేసింది. కొత్త సిరంజిలో మందు తీసి, ఇద్దరు నర్సులూ మంచం దగ్గరే నిలబడి వేశారు.

అక్సా మందుల గదిలో కూర్చుని ఏడ్చింది.

"నేను పేరు అడిగిన మేడమ్. అడిగిన తర్వాతనే వేద్దామనుకున్న. ఆమెనే ఆఁ అన్నది."

"ముందు మొహం కడుక్కో" అంది దేవకృప. ఓదార్చడం ఆమెకి అంత బాగా రాదు.

మొహం కడుక్కుని అక్సా క్షమాపణ చెప్పడానికి మేబెల్ దగ్గరికి వెళ్లింది. మేబెల్ ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నువ్వు ఎలా అడిగావు? అదే మాట మళ్లీ అను."

"మేబెల్ గారే కదా అని అడిగిన."

"రెండు రెళ్లు నాలుగు కదా అని అడిగితే క్లాసంతా అవునంటుంది. రెండు రెళ్లు ఐదు కదా అన్నా సగం క్లాసు అవునంటుంది. టీచరు అడిగిందంటే అవుననాలని పిల్లలకి అలవాటు. రెండు రెళ్లు ఎంత అని అడగాలి. జవాబు నువ్వు చెప్పకూడదు, వాళ్లు చెప్పాలి. వాళ్ల పేరు వాళ్ల నోటితో..."

అక్కడ ఆగిపోయింది. దేవకృప అక్సా వెనకే నిలబడి ఉంది. మేబెల్ కోడలి వైపు చూడలేదు. దుప్పటి సరిగ్గానే ఉన్నా సర్దుకుంది.

"అర్థమైందా?" అంది అక్సాతో.

"అయింది అమ్మమ్మా."

దేవకృప ఫైళ్లు రెండూ తీసి, ఎవరి ఫైలు వాళ్లిప్పుడున్న మంచానికి తగిలించింది.

డ్యూటీ దిగే ముందు జరిగింది రాసి ఇవ్వాలంది.

"రాయాల్నా మేడమ్?" అంది అక్సా. "ఎవరికీ ఏం కాలే కదా. నా జాబ్ పోతదేమో."

"సూది దిగి ఉంటే నీ ఉద్యోగం గురించి ఇంత తీరిగ్గా మాట్లాడుకునేవాళ్లం కాదు. రాయి. నా పేరు కూడా రాయి."

"మీ పేరు ఎందుకు?"

"పట్టీ కత్తిరించింది నేను. వస్తానని రానిది నేను."

కాగితం చదివి క్యారల్ తలెత్తింది.

"మీ అత్తగారిని కూడా రాశారేంటి?"

"మంచాలు మార్చుకున్నారు కదా సిస్టర్."

ఆ సంగతి సాయంత్రానికల్లా మేబెల్‌కి తెలిసింది. చూడ్డానికి వచ్చిన లూకాతో, "ఆపింది నేను. నా మీదే రాసింది నీ పెళ్లాం" అంది.

"ఆపావని కూడా రాసిందటమ్మా."

"ముందు ఏది రాసింది?"

లూకాకి తెలియదు. తెలిసినా చెప్పేవాడు కాదు.

విచారణ జరిగింది. ఎవరి ఉద్యోగమూ పోలేదు. అక్సాకి కొన్నాళ్లు పక్కన సీనియర్ నర్సుని పెట్టారు. దేవకృపకి మెమో వచ్చింది. చదివి, ఉన్నమాటే రాశారంది. కొత్త పట్టీ చేతికి అందేదాకా పాతది తియ్యకూడదని, ఇన్సులిన్ సిరంజితో మంచం దాకా ఇద్దరూ వెళ్లాల్సిందేనని వార్డులో గట్టిగా చెప్పారు. ప్రింటర్ బాగైంది. వీరరాఘవమ్మకి ఎండోస్కోపీ అయి, కడుపులో పుండని తేలింది. మందులు రాసి పంపించారు. వెళ్తూ మేబెల్ చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకుంటే పరేషాన్ అయితుండె" అంది. మేబెల్ ఒక్కటే మాట అంది, "ఆఁ" అని.

మేబెల్ కాలికి ఒక వేలు తీసేశారు, మిగతావి దక్కాయి. ఇంటికి వచ్చాక డాక్టరు రోజూ ఇన్సులిన్ వేసుకోమన్నాడు. నేను వేస్తానంది దేవకృప. నేనే నేర్చుకుంటానంది మేబెల్. దేవకృప నేర్పించింది. సీసా అరచేతుల మధ్య మెల్లగా దొర్లించడం, గాలి బుడగ పోగొట్టడం, రోజుకో చోట గుచ్చుకోవడం, అన్నీ. మేబెల్ పాఠం మధ్యలో చాలా ప్రశ్నలు వేసింది. కొన్నింటికి దేవకృప దగ్గర జవాబు లేదు, డాక్టర్‌ని అడిగి వచ్చి చెప్పింది.

ఇప్పుడు పొద్దున్నే మేబెల్ కిటికీ దగ్గర కూర్చుని సిరంజిని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటుంది. దేవకృప పక్కన నిలబడి గీతలు చూస్తుంది. మొన్న లూకా ఆఫీసుకి టైమవుతోందని వచ్చి, లంచ్ బాక్స్ ఎక్కడుందని అడిగాడు.

"ఆగు" అన్నారు ఇద్దరూ.

అతను గుమ్మంలో నిలబడి, వాళ్ల పని అయ్యేదాకా ఆగాడు.