అందరికంటే వెనక నడిచే ముసలామె

నా భార్య దోహాలో, ఆసుపత్రిలో చనిపోయి రెండు నెలలు దాటింది. మధ్యాహ్నం భోజనాల వేళ. నేను కింద క్యాంటీన్‌లో ఉన్నాను. పైకి వెళ్ళేసరికి నర్సు తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఐన్ ఖాలిద్‌లో మా ఫ్లాట్‌కు శుక్రవారం తెలుగు క్లాసు కోసం పిల్లల్ని పంపినవాళ్ళంతా ఫోన్లు చేశారు, ఇంటికి వచ్చారు. నేను ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఈ నాలుగు మాటలు వాళ్ళ కోసం.

ఆమె టీచర్ కావాలని చదువుకోలేదు. జగిత్యాలలో బీఎస్సీ చేసింది. ఇక్కడికి వచ్చాక పక్క ఫ్లాట్ వాళ్ళు తమ పిల్లలకు అక్షరాలు నేర్పమన్నారు. ముగ్గురితో మొదలైన క్లాసు పద్నాలుగు మంది దాకా వెళ్ళింది. అక్షరాలు తొందరగానే వచ్చాయి. మాటలు రాలేదు. ఏం అడిగినా పిల్లలు ఒక్క ముక్కలో చెప్పి, మిగతాది ఇంగ్లీషులో అందుకునేవారు.

అప్పుడు ఆమెకు ఒక ఉపాయం తోచింది. పిల్లలందరికీ కంఠతా వచ్చిన డైనోసార్ల యానిమేషన్ సినిమా ఒకటి ఉంది. ఎండిపోయిన నేల మీద ఒక మంద నీళ్ళు వెతుక్కుంటూ పోతుంది. అదే కథ. క్లాసు చివర ఆమె ఆ సినిమా పెట్టి, శబ్దం పూర్తిగా తీసేసేది. మా పాత ఏసీ చప్పుడుకు చిన్న గొంతులు వినపడవని ఏసీ కూడా ఆపేసేది. జూలైలో కూడా ఆపేది. పిల్లలు చెమటలు కక్కుతూ చాప మీద కూర్చునేవారు.

ఆ మందలో చివరన ఒక ముసలి డైనోసార్ నడుస్తుంది. కొమ్ము కొస విరిగి ఉంటుంది. సినిమా మొత్తంలో మూడుసార్లు కనిపిస్తుంది. ఒక్క మాట మాట్లాడదు, పేరు లేదు. రెండోసారి కనిపించినప్పుడు ఆగి వెనక్కి చూస్తుంది. ఆఖర్లో మంద నీళ్ళ దగ్గరికి చేరినప్పుడు అందులో లేదు. నా భార్య దాన్ని ముసలామె అనేది. సినిమాలో ఉన్నది చెప్పకూడదు, లేనిది చెప్పాలి అని పిల్లలకు నియమం పెట్టింది. ముసలామె ఎక్కడి నుంచి వచ్చింది? కొమ్ము ఎట్లా విరిగింది? వెనక ఎందుకు నడుస్తుంది?

ఒక శుక్రవారం నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"దాని కొమ్ము పెళ్ళిలో విరిగిపోయిందండి," అన్నాడు భీమవరం వైపు పిల్లవాడు.

"పెళ్ళిల కొమ్మెట్ల ఇరుగుతదిరా?" అని నవ్వింది అల్ మన్సూరా నుంచి వచ్చే పదకొండేళ్ళ అమ్మాయి. వాళ్ళది హైదరాబాద్. ఇంట్లో దక్కనీ, మా ఇంట్లో తెలుగు.

"భోజనాల దగ్గర తోపులాటండి. మా బాబాయికి పన్ను విరిగిందిగా!"

"ఆ పిల్లోడు ఎప్పుడూ తిండి గురించే చెప్తాడు టీచర్," అన్నాడు కడప అబ్బాయి. "అది రాళ్ళల్లో యాడనో పడింటాది."

నా భార్య ఎవరినీ దిద్దలేదు. "పోయిండు అంటే తప్పు కాదు, వెళ్ళాడు అంటే గొప్ప కాదు. చెప్పుడు ఆపొద్దు, గంతే," అనేది. ఎవరైనా ముసలామె చచ్చిపోయి ఉంటుందంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "చచ్చిపోయిందని చూపెట్టిన్రా? చూపెట్టలే గద. మరి నువ్వెందుకు చంపుతున్నవ్?"

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ నన్ను అడిగింది. "నువ్వు చెప్పు. ఆమె వెనకెందుకు నడుస్తది?"

"గీసినోడికి వెనక జాగ ఖాళీ కనపడ్డది. నింపిండు."

"ఇంజనీరు జవాబు," అని నవ్వింది. తన కథేమిటో నేను తిరిగి అడగలేదు. పిల్లలు అడిగేవారు. "ఆఖరి క్లాసుల చెప్త," అని దాటేసేది.

నేను ఒక నిర్మాణ కంపెనీలో ప్లానింగ్ ఇంజనీర్‌ని. గడువులు లెక్కపెట్టడం నా పని. ఏ పని ఏ రోజుకు పూర్తి కావాలో, ఎన్ని రోజులు జారితే ఏమవుతుందో గోడ మీద కాగితంలో గీస్తాను. ఇంట్లో కూడా అదే చేశాను.

జబ్బు సంగతి తెలిశాక వాళ్ళ అక్క జగిత్యాల నుంచి రోజూ ఫోన్ చేసేది. "ఆ దుబాయ్ల ఏమున్నదే? నా దగ్గరికి రా. నేను చూసుకుంట." ఇది దుబాయ్ కాదని పదిహేనేళ్ళుగా చెబుతున్నాం. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

ఒకరోజు మందులు వేసుకుంటూ నా భార్య అంది. "అక్క దగ్గరికి పోత. ఆడనే చూపించుకుంట."

"డాక్టర్ ట్రీట్‌మెంట్ ఎనిమిది నెలలన్నడు. ఆరు నెలలు దాటితే ఆర్‌పీ పోతది. మళ్ళ రానీకి కష్టమైతది," అన్నాను.

ఆర్‌పీ అంటే ఇక్కడ ఉండటానికి మనకిచ్చే అనుమతి. దేశం దాటి ఆరు నెలల కంటే ఎక్కువ బయట ఉంటే రద్దవుతుందని మనలో అందరికీ తెలుసు. ఊళ్ళో పెళ్ళి అయినా, కాన్పు అయినా, మనం ముందు వేళ్ళ మీద నెలలు లెక్కపెడతాం. నేనూ లెక్కపెట్టాను. ఆమె బాగుపడి మళ్ళీ రావాలి కదా, తలుపు మూసుకుపోకూడదు కదా అనుకున్నాను.

"సరే తియ్," అంది. మళ్ళీ అడగలేదు.

జబ్బు లాంటి కారణం ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చని, ఎక్కువ రోజులు బయట ఉన్నా తిరిగి రానిస్తారని తర్వాత ఒక సహోద్యోగి చెప్పాడు. అప్పటికి ఆమె లేదు. నేను ఎవరినీ అడగలేదు. ఫలానా పనికి ఏ కాగితం కావాలో కనుక్కోవడమే నా ఉద్యోగం. అది కూడా కనుక్కోలేదు.

చనిపోయాక ఆమెను జగిత్యాల తీసుకుపోవడానికి కావలసిన కాగితాలు నాలుగు రోజుల్లో తయారయ్యాయి. అక్క ఇంటి ముందు దించాం. "తెచ్చినవా బిడ్డా," అంది అక్క. అంతకుమించి నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నేను తిరిగి వచ్చాక పిల్లల తల్లిదండ్రులు ఒక్కసారి క్లాసు పెడదామన్నారు. వద్దనలేకపోయాను. గత శుక్రవారం అందరూ వచ్చారు. చాప పరిచాను. పిల్లలు సినిమా పెట్టమన్నారు. పెట్టాను. భీమవరం పిల్లవాడు లేచి ఎవరూ చెప్పకుండానే ఏసీ ఆపేశాడు.

ముసలామె ఆగి వెనక్కి చూసే చోట హైదరాబాద్ అమ్మాయి చెయ్యి ఎత్తింది.

"అంకుల్, టీచర్ తన కథ నాకు చెప్పింది. నేను ఆస్పత్రికి చూడనీకి వచ్చినప్పుడు. ఎవరికి చెప్పొద్దన్నది. ఇప్పుడు చెప్పొచ్చా?"

"చెప్పు," అన్నాను.

"ముసలామెకు వాళ్ళ అక్క ఉండె. వెనకనే, నీళ్ళున్న కాడ. పోత అని అడిగింది. పోతే మళ్ళ మందల కలవనియ్యరు, రోజులు దాటిపోతయ్ అన్నరు. మంచికే అన్నరంట. అందుకే సరే అన్నది. అందరికంటే వెనక ఎందుకు నడుస్తదంటే, ఎప్పుడన్న వెనక్కి మళ్ళబుద్ధి అయితే ఎవరికి అడ్డం రావద్దని."

ఆ అమ్మాయి తండ్రి మెల్లగా "బస్ బేటా" అన్నాడు.

"మరి మళ్ళిందా?" అన్నాడు కడప అబ్బాయి.

"టీచర్ చెప్పలే." ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "అంకుల్, మళ్ళిందా?"

పిల్లలందరూ నా వైపే చూశారు. నాకు తెలుసు అనుకున్నారు. నేను లేచి వెళ్ళి ఏసీ వేశాను.

ఆమె గురించి ఇంకా రాయవలసినవి ఉన్నాయి. పిల్లలు వెళ్ళాక చాప దులిపేటప్పుడు దొరికిన పెన్సిళ్ళు ఒక హార్లిక్స్ సీసాలో వేసి, వారం వారం ఎవరివి వాళ్ళకు ఇచ్చేది. "మంచికే అన్నరు" అని నా గురించి ఆ పిల్లకు చెప్పింది. ఆ ఒక్క మాట కూడా చేర్చవలసిన అవసరం ఆమెకు లేదు.

ఇప్పుడు డ్యూటీ నుంచి వచ్చాక ఆ చోటు మళ్ళీ పెట్టుకుని చూస్తున్నాను, శబ్దం లేకుండా. మంద ముందుకు పోతుంది. ముసలామె ఆగుతుంది. విరిగిన కొమ్ము వెనక్కి తిరుగుతుంది. అంతలో మంద లేపిన దుమ్ము ఆమె మీదికి వస్తుంది, కెమెరా మందతో పాటు వెళ్ళిపోతుంది. దుమ్ములో ఆఖరికి కనిపించేది ఆమె ముఖం కాదు. వెనక్కి వేయడానికి ఎత్తిందో, ముందుకు వేయడానికి ఎత్తిందో తెలియని ఒక కాలు.