ఏటేటా దూరం జరిగిన డేరా

ముర్రే నది ఒడ్డున మేమంతా ఈస్టర్ సెలవులకు దిగే చోట ఒక అలవాటు ఉంది. ఎవరైనా కారు వెనక కారవాన్, అదే చక్రాల ఇల్లు, తగిలించుకుని కొత్తగా వస్తే, ముందొచ్చినవాళ్ళం మడతకుర్చీలు అటు తిప్పుకుని కూర్చుంటాం. దాన్ని చెట్ల మధ్యకు వెనక్కి తోలలేక మొగుడూ పెళ్ళాం కీచులాడుకుంటుంటే మాకు సినిమా చూసినట్టే. గ్లెనిస్ పాస్కో మాత్రం మాకా సరదా ఎన్నడూ దక్కనివ్వలేదు. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక్క ఊపులో కారవాన్‌ను సందులో పెట్టేసి, కిందికి దూకి, మా అందరికీ చెయ్యి ఊపేది. ఆమె భర్త నెవిల్ జేబుల్లో చేతులు పెట్టుకుని, తానే తోలినంత దర్జాగా పక్కన నిలబడేవాడు.

ఆ తర్వాతి సంగతే మాకు అంతుబట్టేది కాదు. నెవిల్ కారవాన్‌లో మంచం మీద పక్క పరుచుకునేవాడు. గ్లెనిస్ బయట చిన్న డేరా వేసుకుని అందులో పడుకునేది.

"ఈయన గురక పడలేక," అని మొదటి ఏడే చెప్పేసింది. "డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టుంటుంది."

"నిజమే, తప్పంతా నాదే," అన్నాడు నెవిల్ తలొంచుకుని.

మొదట్లో డేరా కారవాన్‌ను ఆనుకునే ఉండేది. మరుసటేడు నెగడు అవతలికి పోయింది. ఆపై ఏడు ఇంకాస్త దూరం. "ఎంత జరిగినా చెవిలో ఊదినట్టే వినిపిస్తోంది," అని వాపోయేది గ్లెనిస్. అలా జరిగి జరిగి, చివరికి మా కారవాన్ పక్కకే వచ్చి పడింది. రాత్రిళ్ళు గురక మాకూ వినిపించేది, నెవిల్‌దేననుకున్నాం.

మా ఆవిడ రోండా ఇక ఊరుకోలేకపోయింది. "ఇది ఉత్త గురక గొడవ కాదు రస్, కాపురం చెడుతోంది. నువ్వెళ్ళి నెవిల్‌తో మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"మగాళ్ళు మాట్లాడుకునేవేవో మాట్లాడు."

రెండు బీర్లు పట్టుకెళ్ళాను. చేపల గురించి మాట్లాడుకుని వచ్చేశాను. నాతో లాభం లేదని రోండా తానే నడుం కట్టింది. నెవిల్ ముక్కు మీద పట్టీ అంటించింది. వెల్లకిలా పడుకోకుండా అతని పైజామా చొక్కాకు వీపు మీద టెన్నిస్ బంతి కుట్టింది. అతను కిక్కురుమనకుండా తొడుక్కున్నాడు. తెల్లారి గ్లెనిస్ కళ్ళు నులుముకుంటూ వచ్చి, "బంతి పెట్టాక ఇంకా ముదిరింది," అంది.

ఆ మధ్యాహ్నం రోండా కొబ్బరికోరు అద్దిన కేకు ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని గ్లెనిస్ డేరా దగ్గరికి వెళ్ళింది. లోపలి నుంచి గురక. అలాంటిలాంటిది కాదు, కొమ్మల మీది కాకటూ చిలుకలు గుంపుగా లేచిపోయాయి. రోండా పళ్ళెంతో సహా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"రస్! కలిసిపోయారు! నెవిల్ డేరాలోనే ఉన్నాడు!"

నేను నది వైపు వేలు చూపించాను. నెవిల్ ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్నాడు.

ఇద్దరం అతని దగ్గరికి పోయాం. "ఆ గురక గ్లెనిస్‌దా?" అని గట్టిగానే అడిగింది రోండా.

"మెల్లగా తల్లీ! తనకు తెలీదు." నెవిల్ వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "పెళ్ళయిన కొత్తలో తన గురకకు తనే ఉలిక్కిపడి లేచి, నన్ను మోచేత్తో ఒక్కటి పొడిచింది. నిద్రమత్తులో సారీ అనేశాను. పొద్దున్నే వాళ్ళక్కచెల్లెళ్ళందరికీ చెప్పేసింది. ఇంకేం కాదంటాను?"

"అందుకని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నావా?"

"మరీ... మంచమంతా నాదే కదా," అన్నాడు సిగ్గుపడుతూ.

రోండా కడుపులో మాట నిలవదు. సాయంత్రం సాసేజీలు కాలేదాకా ఆపుకుందంటే అదే గొప్ప. అందరం నెగడు చుట్టూ కూర్చోగానే, "గ్లెనిస్, ఆ గురక నీదే!" అని బయటపెట్టేసింది.

"నాదా? నేను పిట్టలా పడుకుంటాను!"

పక్క చోట ఆ ఉదయమే దిగిన పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఏమీ అనుకోకండి. మధ్యాహ్నం మీ డేరాలో జనరేటర్ నడుస్తోందనుకున్నాను. ఫిర్యాదు చేద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను."

గ్లెనిస్ నెవిల్ వైపు తిరిగింది. అతను తన పళ్ళెంలోని సాసేజీని మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

"వీపున బంతి కూడా కుట్టించుకున్నావు కదయ్యా! ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

"బంతి బానే ఉంది. వీపు పిసికినట్టుంది."

గ్లెనిస్ నవ్వు ఆపుకోలేకపోయింది. కుర్చీతో సహా వెనక్కి పడబోతే రోండా పట్టుకుంది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూ, "అందరి ముందూ నిన్ను ఆడిపోసుకున్నానే," అంది. నెవిల్ తన కేకు ముక్క ఆమె పళ్ళెంలో వేశాడు.

"ఇవాళ్టి నుంచి మంచం మీద నేనే పడుకుంటాను," అంది గ్లెనిస్ కేకు నములుతూ.

"మరి నేను?"

"నువ్వూ అక్కడే. ఇన్నేళ్ళు తప్పించుకున్నావు, ఇక విను."

ఆ సెలవుల్లో మిగిలిన రోజులన్నీ నెవిల్ ఎర్రబడ్డ కళ్ళతో తిరిగాడు. మధ్యాహ్నాలు నది ఒడ్డున కుర్చీలోనే కునికేవాడు. ఒకరోజు అలా తూగుతుండగా పెద్ద చేపే పడి, గాలం కర్రను నీళ్ళలోకి లాక్కుపోయింది. అతను కళ్ళు తెరిచేసరికే గ్లెనిస్ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగేసింది. కర్ర అందుకుని, "లేవయ్యా మహానుభావా, వల పట్రా!" అని కేకలు. మేమందరం కుర్చీలు నది వైపు తిప్పుకున్నాం.