తాత కోటు గుండీ

చింతపండుతో ఇత్తడి తోమిన వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఉరవకొండ దగ్గర మా ఊళ్లో పెద్దల అమావాస్యకు అవ్వ ఒక మిలిటరీ గుండీని తోమి విస్తరి ముందు పెట్టేది. తెల్లోళ్ల తరఫున యుద్ధానికి పోయి చనిపోయిన తాత కోటులో మిగిలింది అదొక్కటేనట. తోమీ తోమీ దాని మీది బొమ్మ అరిగిపోయింది. ఆ నున్నటి వైపు తాత మొహమనీ, వెనకున్న ఇంగ్లీషు అక్షరాలు ఆయన పేరనీ నేను నమ్మేవాణ్ణి. పెద్దలందరినీ "వచ్చి తినండి" అని పిలిచాక, అవ్వ గుండీ వైపు తిరిగి, "యాడుండావో ఏమో, నువ్వూ ఇంత తిను" అనేది. అది నన్నే చూస్తున్నట్టుండి నాకు ముద్ద దిగేది కాదు.

మొన్న అనంతపురంలో పాత నాణేలు అమ్మే ఆయనకు, యుద్ధానికి పోయిన మా తాతదని చెప్పి దాన్ని చూపించాను. వెనక అక్షరాలను భూతద్దంతో చదివాడు.

"ఇది గుండీ చేసినోళ్ల పేరన్నా. యుద్ధమప్పుడు ఈ కంపెనీనే లేదు. తెల్లోళ్లు పోయినాంక పెట్టినారు."

"మా తాత యుద్ధంలోనే పోయినాడప్పా."

"ఇది ఆయనదే అయితే, యుద్ధం అయినాంక గూడా ఆయన ఉండినాడన్నా."

బయటికొచ్చి నిలబడ్డాను. పిడికిట్లో గుండీ వేడెక్కింది.

చచ్చిపోయినవాళ్లను యాడుండావని ఎవరడుగుతారు, అవ్వా?