ప్రార్థన చేయమన్న ఒక్క మాట

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది, వర్షాకాలం మొదట్లో, పడమటి తీరంలోని ఒక సముద్ర రక్షణ కేంద్రంలో నేను డ్యూటీ అధికారిని. ఆపదలో ఉన్న నౌక పిలుపు అందుకుని, చుట్టుపక్కల నౌకలను అటు మళ్లించడం మా పని. బోధన్ చెరుకు తోటల మధ్య పెరిగినవాణ్ని సముద్రం ముందు కూర్చోబెట్టింది ప్రభువేనని ఇప్పటికీ నమ్ముతాను.

నౌకల్లో ఒక పరికరం ఉంటుంది. నౌక పేరు, ఉన్న చోటు, వేగం, దిశ రేడియోలో ప్రకటిస్తూ ఉంటుంది. మా తెరపై అది కదిలే చుక్క. ఇంటివాళ్లు కూడా ఆ చుక్కను ఫోన్‌లో చూడొచ్చు. ఆ మధ్యాహ్నం ఒక టగ్గు, అంటే ఓడలను లాగే చిన్న నౌక, ఇంజన్ గదిలోకి నీళ్లొస్తున్నాయనీ, తెప్ప దించుతున్నామనీ చెప్పింది. కాసేపటికి చుక్క ఆగిపోయింది. అందులో వంటమనిషి దానియేలు మా చర్చి సంఘం పిల్లవాడే, బోధన్ దగ్గరి చందూర్ వాడు.

గాలిని, ప్రవాహాన్ని లెక్కగట్టి తెప్ప ఎటు కొట్టుకుపోతుందో పటంపై గీశాం. అన్నిటికన్నా దగ్గర ఒక చమురు ఓడ ఉంది. కాని ఎత్తైన ఓడ గోడకు కొట్టుకుంటే తెప్ప నలిగిపోతుంది. అందుకని ఆ ఓడను గాలికి అడ్డుగా నిలబడమని చెప్పి, డెక్కు నీటికి దగ్గరగా ఉండే ఒక సరుకుల పడవను కొంత దూరం నుంచి రప్పించాను. తెప్పకు కట్టిన బీకన్, అంటే సంకేతాలు పంపే పరికరం, తన తెరపై కనబడుతోందని ఆ పడవ కెప్టెన్ చెప్పాడు. బీకన్ తెప్ప ఉన్న చోటు చెబుతుంది. అందులో మనుషులున్నారో లేదో చెప్పదు.

అప్పుడే బోధన్ నుంచి మా చెల్లెలు మార్త ఫోన్.

"అన్నా, దానియేలు ఓడ సుక్క ఫోన్ల కదుల్తలేదు. రాహేలవ్వ చర్చి మెట్ల మీద కూసున్నది. కొడుకు ఉన్నడా లేడా, ఒక్క ముచ్చట చెప్పు."

ఖరారు కాకుండా ఇంటివాళ్లకు ఏమీ చెప్పకూడదన్నది నియమం. "నేను చెప్పుడు కుదరదు మార్తా. దానియేలు కోసం ప్రార్థన చేయుర్రి" అని పెట్టేశాను.

తర్వాత అక్కడ జరిగింది మార్తే చెప్పింది. నా మాట వినగానే చుట్టూ ఉన్నవాళ్లు ఏడుపు అందుకుంటే, దానియేలు తల్లి రాహేలవ్వ లేచి నిలబడిందట.

"ఏడుపు బంద్ చేయుర్రి! సచ్చినోళ్లకు ప్రార్థన చేసుడు మన సంఘంల ఉన్నదా? ఆఫీసరైతే మాత్రం గా సంగతి మరుస్తడా? నా కొడుకు ఉన్నడు. చాయ్ పెట్టుర్రి!"

మేం చనిపోయినవారి కోసం ప్రార్థించం. మా సంఘంలో పిల్లలకూ తెలిసిన సంగతి. ప్రార్థన చేయమన్నానంటే కొడుకు బతికున్నట్టేనని అవ్వ దాన్నే పట్టుకుంది.

పొద్దు గుంకకముందే సరుకుల పడవ తెప్పను చేరింది. సిబ్బంది అంతా ప్రాణాలతో అందులోనే ఉన్నారు. దేవునికి స్తోత్రం చెప్పి, ఈసారి నేనే ఫోన్ చేశాను. అవతల చాయ్ గ్లాసుల చప్పుడు మధ్య చప్పట్లు వినబడ్డాయి.

నేను సెలవు పెట్టుకుని వెళ్లిన కృతజ్ఞత కూడికలో, వేదికకు కట్టిన చెరుకు గడల మధ్య నిలబడి దానియేలు సాక్ష్యం చెబుతుంటే అవ్వ మధ్యలోనే అడిగింది.

"తెప్పల ఏం తిన్నవ్‌రా?"

"బిస్కెట్లే అవ్వా."

"ఓడంతటికి వండెటోడు బిస్కెట్లు తిన్నడట!"

పాస్టరయ్యతో సహా అందరం నవ్వాం.

ప్రార్థన చేయమన్నప్పుడు నాకు తెలిసింది తెప్ప ఉందని మాత్రమే. మిగిలింది అవ్వ తన విశ్వాసంతో పూర్తి చేసుకుంది. అధికారి చెప్పని దాన్ని కూడా ఇంటివాళ్లు వింటారు. అందుకే తర్వాత కొత్త అధికారులకు ఒకటి నేర్పాను. ఎవరి ఇంటినుంచి ఫోన్ వచ్చినా జవాబు ఒక్కటే ఉండాలి: పడవ పంపాం, వెతుకుతున్నాం.